గోడ మీది గడి

"ఖలాస్ పాపా. మామా పోయింది."

అమ్మ ఫోన్‌లో ఈ రెండు మాటలే చెప్పింది. వెనక ఎవరో కాఫీ కప్పులు అడుగుతున్నారు. ఫోన్ పెట్టేసింది. అప్పుడు నేను కువైట్‌లోనే, సబా అల్ సలేంలో, ఆ పోయినావిడ కూతురి ఇంట్లో పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తున్నాను. చేతిలో ఉన్న చొక్కా పూర్తి చేసి, తర్వాతది తీసుకున్నాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతిలో ఉన్న పని ముగించమని నాకు చెప్పింది ఆవిడే.

ఇక్కడ పోయిన రోజునే పూడ్చేస్తారు. ఆడవాళ్ళు ఖననానికి వెళ్ళరు. శుక్రవారం సెలవు దొరికి నేను రుమైథియాలో ఆవిడ ఇంటికి చేరేసరికి పరామర్శల మూడు రోజులూ అయిపోయాయి. వాకిట్లో అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ఆ ఇంట్లో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చుట్టాలకు ఆవిడ ఫలానా కొడుకు తల్లి. మాలాంటి పనివాళ్ళకు మామా. యజమానురాలిని ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం. సగం జీవితాన్ని చనిపోయినవాళ్ళ పేర్లు వెతకడంలో గడిపిన మనిషి, తన పేరు వినపడని ఇంట్లో యాభై ఏళ్ళు ఉంది.

ఆవిడ జర్మన్. తమ ఊరి దగ్గర చదువుకోవడానికి వచ్చిన కువైటీ కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేసింది. వాళ్ళ ఇంట్లో తరాలుగా ఒక పెద్ద బైబిలు ఉండేదట. ముందు పేజీల్లో ఇంట్లో పుట్టినవాళ్ళ పేర్లన్నీ రాసి ఉండేవి. పెళ్ళి సంగతి తెలిసిన రోజు తండ్రి స్కేలు పెట్టి ఆవిడ పేరు కొట్టేశాడు. తండ్రి పోయాక చెల్లెలు ఆ పేజీ ఫోటో తీసి పంపింది. "కోపంలో గీసిన గీత వంకరగా ఉంటుంది. మా నాన్న స్కేలు వెతికి తెచ్చుకుని గీశాడు" అని నాతో ఒకసారి అంది. నవ్వుతూనే అంది.

మేడ మీద కిటికీ పక్క గదిలో ఆవిడ వంశవృక్షం ఉండేది. మందపాటి కాగితాలు అతికించి పైకప్పు నుంచి కిందికి దించిన పటం. పైన పాతవాళ్ళు, కింద కొత్తవాళ్ళు. ఒక్కో మనిషికి ఒక్కో గడి. పని మొదలుపెట్టిన రోజుల్లో తండ్రి గడిని కాగితం అడుగు అంచునే గీసేసింది. తన కోసం చోటు ఉంచుకోలేదు. ఎన్నో ఏళ్ళకు మనసు మారి, కాగితం కింద గోడ మీదే పెన్సిలుతో ఇంకో గడి గీసింది. అది ఖాళీ. వంశంలో మొదటివాడు దొరికిన రోజున అందులో తన పేరు తన చేత్తో రాస్తుంది. అంతవరకూ రాయదు. ఆవిడ పెట్టుకున్న నియమం అది. నాన్న కొట్టేసిన పేరు అంత పొడుగు వరసకు చివర నిలబడితే, దాన్ని ఇంకెవరూ కొట్టెయ్యలేరని ఆవిడ అనుకుందని నా ఊహ.

అమ్మ ఆ ఇంట్లో వంటకు చేరిన మొదటి వారం, గోడ మీద ఎవరో పిల్లలు గీశారనుకుని తడిగుడ్డతో ఆ గడి తుడవబోయిందట. మామా వేసిన కేకకు బకెట్టు తన్నేసుకుని కింద పడింది. అప్పటినుంచి పదిహేనేళ్ళు గోడంతా తుడిచినా ఆ గడి చుట్టూ గుడ్డ తిప్పి వదిలేసేది.

నేను ఆ ఇంటికి వెళ్ళడానికి కారణం అమ్మ గొప్పలు. మామాకు కళ్ళు మసకబారాయి. పాత చర్చి రిజిస్టర్ల ఫోటోలు వస్తున్నాయి గాని చదవలేకపోతోంది. ఆ రాత ఇప్పటి జర్మన్‌లు కూడా చదవలేరు. 'ఇ' అక్షరం 'ఎన్' లాగా ఉంటుంది. 'ఎస్', 'ఎఫ్' కవలపిల్లలు. 'యు' మీద గొడుగులాంటి గీత ఉంటుంది. అమ్మ వంటింటి అరబిక్‌లో, మా పాపకు ఆ రాత వచ్చు, కాన్వెంటులో నేర్చుకుంది అని చెప్పేసింది.

అది సగం నిజం. కడప దగ్గర మా కాన్వెంటులో ఎనభై ఏళ్ళు దాటిన జర్మనీ సిస్టరమ్మ ఒకావిడ ఉండేది. ఆటల పీరియడులో నేను ఎవరితోనూ ఆడకుండా లైబ్రరీ మెట్ల మీద కూర్చునేదాన్ని. ఆవిడ పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకునేది. మా చుట్టుపక్కల పూలూ ఆకులూ నోటుపుస్తకంలో అంటించి, పక్కన తన చిన్నప్పటి రాతలో పేర్లు రాసుకునేది. ఆ అక్షరాలు నాకు నేర్పింది. భాష నేర్పలేదు. నాకు జర్మన్ రాదు. అక్షరాలు మాత్రం వచ్చు.

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను అదే ఇంటి వీసా మీద రప్పించారు. పాస్‌పోర్టులో నా ఇంటిపేరూ నా పేరూ తారుమారయ్యాయి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కూడా అలాగే వచ్చింది. మొదటి రోజు మామా ఆ కార్డును ముక్కుకు ఆనించుకుని చూసి, "ఇందులో నువ్వెవరు?" అని ఇంగ్లీషులో అడిగింది. మాకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత అని చెప్పాను.

"ఇంటిపేరు అంటే ఇంటికి పేరా? వంశానికి కాదా?"

ఇంటికే, అన్నాను. అప్పటివరకూ నేను ఆ మాట గురించి ఆలోచించలేదు. ఆవిడ చాలాసేపు నవ్వింది. "గోడలకూ తలుపులకూ పేరు పెట్టి మనుషులు దాన్ని మోస్తారా?"

ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మా పని ఇలా సాగేది. నేను ఫోటో పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం పలికేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని అక్షరాలు కూర్చుకుని మాట చేసేది. చూసేది నేను, తెలిసేది ఆవిడకు. పదిహేను నిమిషాలకు ఒక వాక్యం వచ్చేది. ఫలానా వారం ఫలానా ఇంటి యోహాన్‌కు కొడుకు పుట్టాడు, యోహాన్ అని పేరు పెట్టారు. నేను దాన్ని కార్డు మీద ఇంగ్లీషులో రాసి సొరుగులో పెట్టేదాన్ని. ఏలకుల టీ వచ్చేది. ఆవిడ ఎప్పుడూ సగం కప్పే తాగేది. పసిపిల్లలు పోయిన వాక్యం వస్తే మాత్రం ఆ మిగిలిన సగం కూడా తాగేసేది. ఆ రిజిస్టర్లలో అలాంటి వాక్యాలు చాలా ఉంటాయి. అలాంటి రోజున అమ్మ ఖాళీ కప్పు చూసి, "ఈ పొద్దు ఎంతమంది పిలకాయలు?" అని నన్ను అడిగేది.

అమ్మకు మా పని అంతుపట్టేది కాదు. "సచ్చిపోయినోళ్ళ పేర్లు సదివేదానికి కువైట్‌కు వచ్చింది నువ్వొక్కదానివే మే" అనేది. అందరికీ యోహాన్ అనే పేరేనని విని, "ఆ దేశంలో పేర్లకు కూడా కరువొచ్చిందా? మనూళ్ళో గంగమ్మల మాదిరి" అంది. మామాకు అది అనువదించి చెప్పాను. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో కొత్త యోహాన్ పుట్టినా మామా "గంగమ్మా" అనేది.

నన్ను బింతీ అని పిలిచేది. నా కూతురా అని. ఆవిడ కోప్పడింది ఒక్క విషయానికే. తెలియని అక్షరం వచ్చినప్పుడు నేను ఊహించి చెబితే వెంటనే పట్టుకునేది. "చదివింది చెప్పు బింతీ. అనుకున్నది చెప్పకు." రోజుకు ఒకసారైనా అనేది. మూడేళ్ళలో నేను ఆ మాట ఒక్కసారి తప్పాను.

రెండో ఏడు ఆవిడ పుట్టింటికి పక్క ఊరి చర్చి రిజిస్టరు ఫోటోలు వచ్చాయి. ఆవిడ ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నవి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఒక యోహాన్ దగ్గర వరస ఆగిపోయి ఉంది. అతని పెళ్ళి ఎక్కడ జరిగిందో తెలియదు. ఆ పెళ్ళి ఈ పుస్తకంలో దొరికింది. యోహాన్ అన్న పేరు, తర్వాత నాకు తెలియని ఒక మాట, తర్వాత గీతలాంటి చిన్న గుర్తు, ఆపైన మామా పుట్టింటి పేరు. ఆ పుట్టింటి పేరు చూడగానే మిగతాది ఆగి చూడలేదు. మధ్యలో ఉన్న మాట ఏదో ఊరిపేరై ఉంటుందనుకున్నాను. మా వైపు మనిషిని చెప్పేటప్పుడు ఊరి పేరు కలిపే చెబుతాం కదా. ఆ గుర్తు కలం జారిన గీత అనుకున్నాను. యోహాన్, ఇంటిపేరు. అంతే చదివాను.

"మధ్యలో ఇంకేమీ లేదా?" అని అడిగింది.

లేదన్నాను.

అక్కణ్ణించి పని పరిగెత్తింది. ఆ ఇంటిపేరున్న ఇంట్లో సరిగ్గా ఆ వయసుకు సరిపోయే ఒక యోహాన్ పుట్టి ఉన్నాడు. అతని తండ్రి, తాత, ముత్తాత అందరూ అదే ఇంట్లో, అదే పొలం మీద ఉన్నారు. చర్చి పుస్తకాలు అయిపోయాక ఆ ఊరి దొరకు కట్టిన పన్నుల జాబితాలు పట్టుకున్నాం. ఐదు తరాలు పైకెక్కాం. పదహారో శతాబ్దపు జాబితాలో ఆ ఇంటి పేరుతో మొదటి మనిషి కనిపించాడు. అతనికి ముందు కాగితం లేదు. పటంలో పైకప్పుకు ఆనుకుని ఉన్న గడిలో నేను కుర్చీ ఎక్కి అతని పేరు రాశాను. కింద మామా తల పైకెత్తి, కనపడకపోయినా చూస్తూ నిలబడింది.

వచ్చే శుక్రవారం పిల్లలందరూ భోజనానికి వచ్చినప్పుడు తన పేరు రాస్తానంది. నల్ల సిరా తెప్పించింది. బుధవారం నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ మీద గడి ఎక్కడుందో వేలితో చూపించాను. నాలుగు మూలలూ తడిమింది. మోకాళ్ళ మీద కూర్చుంటే గాని అందదు. దిండు వెయ్యమంది.

గురువారం పొద్దున, ఎవరూ చెప్పకుండానే, కార్డులన్నీ ఫోటోలతో మరోసారి సరిచూద్దామని కూర్చున్నాను. ఆ పెళ్ళి వాక్యం దగ్గరికి వచ్చాను. కలం జారిన గీత అనుకున్నది గీత కాదు. మూడు అక్షరాలు, పైన ఒక చిన్న కొక్కెం. దాన్ని నేను ఇంతకుముందు చూశాను. ఎక్కడ చూశానో కాసేపటికి గుర్తొచ్చింది. సిస్టరమ్మ నోటుపుస్తకంలో, అంటించిన పసుపు పూల గుత్తి పక్కన. ముందు లాటిన్ పేరు, తర్వాత ఈ గుర్తు, తర్వాత తంగేడు. ఇదేమిటని అడిగితే సిస్టరమ్మ చెప్పింది. 'అని పిలవబడేది' అని అర్థం. పుట్టుకతో ఒక పేరు, ఇక్కడివాళ్ళు పిలిచే పేరు ఇంకొకటి.

అంటే యోహాన్ ఆ ఇంట్లో పుట్టలేదు. మధ్యలో నేను వదిలేసిన మాట అతని అసలు ఇంటిపేరు. ఇంకో రిజిస్టరు తీసి వెతికాను. ఆ ఇంట్లో పుట్టిన యోహాన్ ఆరేళ్ళకే పోయాడు. ఇల్లు ఆడపిల్లకు దక్కింది. ఆ పిల్లను పెళ్ళాడి వచ్చినవాడు ఆ పొలం పేరుతోనే బతికాడు. ఐదు తరాల మనుషులు ఆ పిల్ల వాళ్ళే గాని, కొడుకు నుంచి తండ్రికి మామా ఎక్కుతూ వచ్చిన వరసకు వాళ్ళు ఆడపిల్ల వైపు చుట్టాలు మాత్రమే. ఆవిడ వెతికిన మొదటివాడు ఆవిడ మొదటివాడు కాదు.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. ఇంకెవరికీ ఆ రాత రాదు. ఒక్క రోజు గడిస్తే చాలు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పేరు రాసుకుంటుంది.

పది గంటలకు ఆవిడ గదిలోకి వచ్చి కూర్చుంది. ఒక కార్డు తప్పు రాశానని చెప్పాను. ఏ కార్డు అని అడిగింది. చెప్పాను. 

"మళ్ళీ చదువు. అక్షరం అక్షరం."

చదివాను. ఇంకోసారి అంది. మూడుసార్లు చదివించింది. మొదటిసారికే ఆవిడకు అర్థమైందని నాకు తెలుసు. ఆ గుర్తు గురించి నేను చెప్పనక్కర్లేదు, ఆ మూడక్షరాలు ఆవిడ భాష. అలాంటి ఆచారం పక్క జిల్లాల్లో ఉందని తెలుసట. తమ వాళ్ళలో లేదనుకుందట.

అప్పటికే అమ్మ టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఏమైందే అని కళ్ళతో అడిగింది. తెలుగులో చెప్పాను. అమ్మ తేలిగ్గా, "ఇల్లరికం పోయినాడు అంటే సరిపాయ కదా. మీ తాత పోలేదా? మా నాయిన్ను ఊరంతా మా యమ్మోళ్ళ ఇంటిపేరుతో పిలిచేది మర్చిపోతివా? దీనికింత సదువు కావల్నా?" అంది.

నిజమే. తాత రేషన్ కార్డులో కూడా అవ్వ వాళ్ళ ఇంటిపేరే ఉండేది. తాతను పెట్టుకుని కూడా నేను గుర్తుపట్టలేదు.

అమ్మ ఏమంటోందని మామా అడిగింది. చెప్పాను. ఇంటిపేరు ఇంటిదే, వచ్చినవాడు దాన్ని తీసుకుంటాడు అని. మొదటి రోజు నవ్విన మాట ఆవిడకు గుర్తొచ్చే ఉంటుంది. ఈసారి నవ్వలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"బింతీ, అతను వెళ్ళిపోయినప్పుడు వాళ్ళ నాన్న కూడా అతని పేరు కొట్టేసి ఉంటాడా?"

దానికి నా దగ్గర చదివి చెప్పడానికి ఏమీ లేదు.  ఆ పూట ఆవిడ టీ ముట్టనే లేదు.

శుక్రవారం అందరూ వచ్చారు. భోజనాలయ్యాక కూతురు, అమ్మా ఏదో రాస్తానన్నావు అంది. సిరా ఎండిపోయింది అంది మామా. సీసా పక్క బల్ల మీద నిండుగా ఉంది.

ఆ అసలు ఇంటిపేరు ఏ ఊరిదో పట్టుకుని, యోహాన్ పుట్టిన ఊరికి ఉత్తరం రాశాం. జవాబు రెండు నెలలకు వచ్చింది. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు ఆ చర్చి పుస్తకాలు కాలిపోయాయి. నకళ్ళు ఎక్కడా లేవు. ఉత్తరం చివర, మీ పరిశోధనకు శుభాకాంక్షలు అని ఉంది. మామా ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని సరే అంది. ఆ తర్వాత ఆ గదిలోకి రాలేదు. కొన్నాళ్ళకు నన్ను పిలిచి, ఇక్కడ నీకు పని లేదు, కూతురి పిల్లలకు ఇంగ్లీషు చెప్పు అని పంపేసింది. కోపంతో కాదు. కోపమైతే నాకు కాస్త తేలికగా ఉండేది.

అమ్మ మాత్రం వదల్లేదు. "నువ్వు గమ్మునుండుంటే ఆ ముసలామె సంతోషంగా పోయుండేది కదమ్మే. ఆమె తాత ఎవురైతే నీకేమి?" ఇప్పటికీ అంటుంది.  నిజం చెప్పినందువల్ల ఆవిడకు ఒరిగింది ఏమీ లేదు. ఉన్నది పోయింది. దొరకాల్సింది దొరకలేదు. ఒక్కటే తెలుసు. ఆవిడ నా మీద పెట్టుకున్న నమ్మకం నా కళ్ళ మీద. కళ్ళు చూసింది చెప్పాను, ఆలస్యంగా.

రంజాన్‌కు ముందు చివరిసారి చూశాను. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. మంచం పక్కన కూర్చోమంది. ఎండ ఏ గోడ మీద ఉందని అడిగింది. చెప్పాను. తర్వాత, ఆ గుర్తు పక్కన మీ సిస్టర్ అంటించిందని చెప్పావే, ఆ పువ్వు పేరేమిటి అని అడిగింది. తంగేడు అన్నాను. రెండు మూడుసార్లు పలకడానికి చూసింది. 'డు' దగ్గర నాలుక తిరగలేదు. నేను లేచేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది.

"చదివింది చెప్పావు" అంది.

మెచ్చుకుందో, నిష్ఠూరమాడిందో తెలియదు. అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

పరామర్శకని మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి పెద్దకొడుకు మేడ మీద గది ఖాళీ చేయిస్తున్నాడు. మర్యాదస్తుడు. నన్ను పిలిచి, ఈ కార్డులు ఎవరికైనా పనికొస్తాయా అని అడిగాడు. జర్మనీలో ఆ పొలం ఇంటివాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకు పనికొస్తాయి అన్నాను. వాళ్ళెవరో మనకు తెలియదు కదా అన్నాడు. తెలియదన్నాను. కాసేపు చేతిలో ఒక కార్డు తిప్పి చూసి, యల్లా, కానివ్వండి అన్నాడు. సొరుగులు నల్ల సంచుల్లోకి వెళ్ళాయి. పటం మేకులు పీకుతుంటే పాత కాగితం మడతల దగ్గర చిరిగింది. యోహాన్లందరూ చుట్టగా చుట్టుకుని మెట్లు దిగిపోయారు. నేనేమీ తెచ్చుకోలేదు.

ఆదివారం రంగులు వేసేవాళ్ళు వస్తారట. ఈలోగా దుమ్ము తుడవమన్నారని అమ్మ బకెట్టు పట్టుకుని వచ్చింది. పటం ఉన్న చోట గోడ తెల్లగా, పైకప్పు నుంచి కిందికి పొడుగ్గా మెరుస్తోంది. దాని అడుగున, మోకాలి ఎత్తులో, పెన్సిలు గడి ఒక్కటే మిగిలింది. అమ్మ పైనుంచి తుడుచుకుంటూ వచ్చింది.  ఆ గడి దగ్గరికి వచ్చేసరికి గుడ్డను పిండి, నాలుగు వైపులా చుట్టూ తిప్పి, లోపల తడి తగలకుండా వదిలేసింది.